జెట్టుకు ప్రమోషన్

ఆ ఏడు ఏది కనబడితే దాన్ని రెండు చేసెయ్యడం ఫ్యాషనైంది. ముందు జిల్లాలతో మొదలైంది. జిల్లా రెండైతే పరిపాలన ప్రజల ముంగిట్లోకి వస్తుందన్నారు. రాలేదు సరికదా, ముంగిట్లో ఉన్న కాస్త ఆఫీసూ పక్క జిల్లాకు పోయింది. అయినా ఊపు తగ్గలేదు. మండలాలు రెండయ్యాయి, బస్సు డిపోలు రెండయ్యాయి. ఒక కాలేజీలో రసాయన శాస్త్ర శాఖను ఆమ్లాల శాఖ, క్షారాల శాఖ అని విడదీసి, రెండూ కలిపే ప్రయోగాలన్నిటినీ పరస్పర అంగీకారం కుదిరేదాకా ఆపుచేశారు. ఇన్నీ అయ్యాక ఇంకేం మిగిలిందా అని పైవాళ్లు తలెత్తి చూస్తే సూర్యుడు కనిపించాడు.

సూర్యుణ్ణి కనిపెట్టుకుని ఉండడానికి ఒక ఆఫీసు ఉంది. పేరు రాష్ట్ర సౌర పరిశీలనా సంస్థ. ఉత్తరాంధ్రలో, గుర్రపుకొండ అనే గుట్ట నెత్తిన ఉంది. అందులో రెండు దూరదర్శినులు, వాటిని చూసుకునే ఇద్దరు మనుషులు, ఆ ఇద్దర్నీ చూసుకునే ముప్పయిమంది సిబ్బంది.

మొదటి దూరదర్శిని చింతాడ సుగుణది. అది సూర్యుడి మొహాన్ని సూటిగా చూస్తుంది. ఆ మొహం మీద అప్పుడప్పుడు ఒక సన్నటి వేడి తీగ చివ్వున పైకి లేస్తుంది. పది పదిహేను నిమిషాలు ఎగిరి, చాలామటుకు అక్కడికక్కడే చప్పబడి పోతుంది. దాన్ని జెట్ అంటారు. రెండోది దూసి సదాశివానిది. అందులో సూర్యుడి మొహానికి గుండ్రటి బిళ్ల ఒకటి అడ్డం పెడతారు, ఎండలో ఎదురొచ్చే మనిషిని పోల్చుకోడానికి మనం చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు. అప్పుడు చుట్టూ ఉన్న పల్చటి పై పొర కనిపిస్తుంది. ఆ పొర నుంచి వందల కోట్ల టన్నుల సరుకు ఒక్కసారి బుడగలా విరుచుకుని బయటికి పోవడం కూడా కనిపిస్తుంది. దాని పేరు కరోనల్ మాస్ ఎజెక్షన్. నోరు తిరగదని అందరూ సీఎంఈ అంటారు. అది మనవైపు వచ్చిందంటే ఒకట్రెండు రోజులు దిక్సూచీ, రేడియో, దారి చూపించే ఉపగ్రహాలూ తికమకపడతాయి.

అంటే విస్ఫోటం మొదలు సుగుణకు కనిపిస్తుంది, చివర సదాశివానికి కనిపిస్తుంది. అందుకని ఇద్దరూ ఒకే పొడుగాటి బల్ల ముందు కూచునేవారు. "సదాశివం గారూ, ఇక్కడోటి లేచింది, చూసుకోండి" అనేది ఆవిడ. కాసేపాగి "ఆఁ అమ్మా, బిళ్ల దాటి వచ్చీసింది" అనేవాడాయన. ఏ జెట్టు చప్పబడుతుంది, ఏది మీదున్నదంతా ఎత్తుకుని సీఎంఈ అయి పోతుంది అన్నది సుగుణ జుట్టు నెరిసేటంతకాలంగా వెంటపడ్డ ప్రశ్న. మధ్యాహ్నం అదే బల్ల మీద ఆవిడ తెచ్చిన నువ్వుల పచ్చడీ ఆయన తెచ్చిన కంద బచ్చలీ పంచుకుని తినేవారు. అలాంటి ఆఫీసు విడగొట్టకుండా ఎలా ఉంచుతారు చెప్పండి?

ఉత్తర్వు వచ్చింది. "ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, సూర్యుని యందు సంభవించు చిన్న తరహా ఎగజిమ్ముడులన్నియు ఇకమీదట చిన్న విస్ఫోటముల విభాగము పరిధిలోను, పెద్ద తరహా ఎగజిమ్ముడులన్నియు భారీ విస్ఫోటముల విభాగము పరిధిలోను ఉండవలెను. ఒక విభాగమునకు చెందిన విస్ఫోటమును మరియొక విభాగము వారు చూచుట క్రమశిక్షణా రాహిత్యముగా పరిగణింపబడును."

ఉమ్మడి ఆస్తుల పంపకం జరిగింది. మంచినీళ్ల కూలరు భారీ విభాగానికి, దానికి నీళ్లొచ్చే కుళాయి చిన్న విభాగానికి వచ్చాయి. పొడుగాటి బల్లను వడ్రంగిని పిలిచి సరిగ్గా మధ్యకు కోయించారు. సగం బల్లకు రెండే కాళ్లుంటాయి కాబట్టి అవి నిలబడలేదు. ఆనించడానికి మధ్యలో గోడ కట్టారు. గోడ ఎందుకు కట్టారని తరవాత ఆడిట్‌వాళ్లు అడిగితే బల్లల కోసమని రాశారు. అక్షరాలా నిజం.

ఈ పంపకాలన్నీ చూసినవారు ముఖ్య సంచాలకులు వడ్లమాని దక్షిణామూర్తి గారు. గిడ్డంగుల శాఖలో పేరు తెచ్చుకుని ఇక్కడికి వచ్చారు. సూర్యుడంటే ఆయనకు అపారమైన గౌరవం. రోజూ స్నానం చేసి నమస్కారం పెట్టేవారు. అంతకుమించి సూర్యుడితో వృత్తిపరమైన పరిచయం లేదు. ఆయనకు కుడిభుజం సూపరింటెండెంటు పరమేశం గారు. సర్వీసు నిబంధనలన్నీ నోటికొచ్చిన మనిషి, నోటికొచ్చినవన్నీ నిబంధనలే అనుకునే మనిషి కూడాను.

విడిపోయిన రెండో నెలలోనే చిక్కొచ్చింది. సుగుణ ఒక నివేదిక పంపింది. కొన్ని సీఎంఈలకు మొదలు జెట్టేననీ, జెట్టు అడుగున మెలితిరిగి ఉన్న అయస్కాంత బలరేఖలు ఒక్కసారి విప్పుకుంటే అది అక్కడితో ఆగక పైనున్న పెద్ద అయస్కాంత వంపును కూడా లేపుకుపోతుందనీ, కాబట్టి రెండు విభాగాలూ కలిసి చూడాలనీ దాని సారాంశం.

భారీ విభాగాధిపతి బెహరా నీలాంబరం గారికి ఒళ్లు మండింది.

"ఏటండీ ఈవిడ రాసింది? నా సెక్షన్‌లో ఉన్నవన్నీ కింద నుంచి పైకొచ్చినవనా? నా సీఎంఈ ప్రతి ఒక్కటీ డైరెక్ట్ రిక్రూట్ అండీ! పుట్టడమే పెద్దగా పుట్టింది. ప్రమోటీల్ని తెచ్చి నా నెత్తిన పెడితే ఒప్పుకునేది లేదు."

ఆఫీసులో పని చేసిన వాళ్లకు ఈ తగవు సంగతి వేరే చెప్పక్కర్లేదు. పరీక్ష రాసి నేరుగా పెద్ద కుర్చీలో కూచున్నవాడికీ, గుమాస్తాగా చేరి మెట్టు మెట్టు ఎక్కి అదే కుర్చీకి వచ్చినవాడికీ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఆ మంట ఇప్పుడు సూర్యమండలం దాకా పాకింది.

పరమేశం గారు మధ్యేమార్గం కనిపెట్టారు. "పుట్టుపూర్వోత్తరాలు మనకెందుకండీ? చిన్న విభాగంలో ఉన్నది పెద్ద విభాగంలోకి వెళ్తే సర్వీసు భాషలో దాన్ని పదోన్నతి అంటారు. పదోన్నతికి రూల్సున్నాయి. జెట్టు హోదాలో కనీసం రెండేళ్ల సంతృప్తికరమైన సేవ ఉండాలి. ఇక్కడ రిలీవింగ్ ఆర్డరు తీసుకోవాలి, అక్కడ జాయినింగ్ రిపోర్టు ఇవ్వాలి. అప్పుడది సీఎంఈ."

"జెట్టు బతికేదే పావుగంటండీ" అంది సుగుణ.

"అది దాని వ్యక్తిగత సమస్య" అన్నారు పరమేశం గారు.

ఆ రోజు నుంచి రికార్డుల్లో ఒక్క జెట్టూ సీఎంఈ కాలేదు. ఈ సంగతి సూర్యుడికి ఎవరూ తెలియపరచలేదు కాబట్టి ఆయన పద్ధతి ఆయనదే. జెట్టు నుంచి వచ్చినట్టు అనుమానమున్న సీఎంఈ ఏదైనా కనబడితే సదాశివం దాన్ని వివాదాస్పదం కింద రాసుకోవాలి. దాని మీద హెచ్చరిక జారీ చెయ్యకూడదు. హెచ్చరిక జారీ చేస్తే దాన్ని కేడర్లో చేర్చుకున్నట్టవుతుందట!

ఇలా ఉండగా భారీ విభాగానికి కొత్త భవనం తయారైంది. గురువారం సాయంత్రం దీపాలు పెట్టేవేళ ప్రారంభోత్సవం. విశిష్ట అతిథి గారొస్తున్నారు. విడగొట్టడం తరవాత అంత ఊపులో ఉన్న ఇంకో ఫ్యాషన్ డ్రోన్లు. అందుకని మనుషులు పూలు చల్లడం పాతబడిందని డజన్లకొద్దీ డ్రోన్లు మాట్లాడారు. ఒక్కొక్కటీ బుట్టెడు చామంతులు మోసే బరువైన రకం. అవన్నీ ఆకాశంలో సూర్యబింబంలా నిలబడి పుష్పవృష్టి కురిపిస్తాయి. ఫోటో బాగా రావడానికి కొండ కిందున్న ఆశ్రమ పాఠశాల పిల్లల్ని ముందు వరసల్లో పొట్టి కుర్చీల మీద కూచోబెట్టి, చేతికి తలో కాగితం సూర్యుణ్ణి ఇస్తారు. డ్రోన్లు నిలబడేది సరిగ్గా వాళ్ల నెత్తిమీదే.

ఆ వారం మంగళవారం పొద్దున సుగుణ తెర ముందు కూచుని ఉండగా సూర్యుడి మొహానికి నడిమధ్యన, అంటే సరిగ్గా మనకెదురుగా, ఒక జెట్టు లేచింది. ఇలాంటివి రోజూ చూసే మనిషే. కానీ ఇది ఆగలేదు. అడుగున నల్లటి తాడులాంటిది మెలి విప్పుకుని లేచి మాయమైంది. దానికి రెండు పక్కలా వెలుగు చారలు పాకాయి. చుట్టూ ఉన్న మేర అంతా సరుకు ఖాళీ అయిపోయినట్టు మసకబారింది. సుగుణ లేచి గోడ దగ్గరికి పరిగెత్తింది.

"సదాశివం గారూ! పెద్దది లేచిందండీ. మీకేమైనా కనబడుతోందా?"

"గట్టిగా అరవకమ్మా, నీలాంబరం గారున్నారు. ఇంకా ఏటీ లేదు. ఉండు, చూస్తాను."

చెరోవైపూ గోడకు చెవి ఆనించి గంటసేపు నిలబడ్డారు పాపం. ఆ తరవాత సదాశివం గొంతు వినిపించింది. అందులో ఆనందమూ ఉంది, భయమూ ఉంది.

"అమ్మా, వచ్చీసింది! బిళ్ల చుట్టూ చక్రంలాగ ఉంది. నాలుగు పక్కలా ఉంది."

"నాలుగు పక్కలా ఉందంటే మన మొహం మీదికే వస్తోంది కదండీ!"

"ఆఁ. మహా జోరుగా ఉంది. ఈ లెక్కన గురువారం మధ్యాహ్నం దాటాక ఎప్పుడైనా తగలొచ్చు."

ఇద్దరికీ ఒకేసారి తట్టింది. డ్రోన్లు గాలిలో తమ చోటు పోల్చుకునేది ఉపగ్రహాల్ని బట్టే. ఈ అక్షాంశాల్లో పొద్దుగూకాక పై ఆకాశం ఉపగ్రహాల సంకేతాల్ని మామూలుగానే కొంచెం అల్లరి పెడుతుంది, ఇప్పుడు ఇది కూడా వచ్చి పడితే అవి దిక్కు తప్పుతాయి. కింద పిల్లలుంటారు.

సుగుణ దక్షిణామూర్తి గారి గదికి వెళ్లింది. ఆయన ఆహ్వానపత్రికలో తన పేరు ఎన్నో వరసలో ఉందో చూసుకుంటున్నారు.

"సార్, ఎల్లుండి డ్రోన్లు ఎగరకూడదండీ. సీఎంఈ ఒకటి వస్తోంది."

"సీఎంఈ విషయం మీరెలా చెబుతారమ్మా? మీరు చిన్న విభాగం కదా."

"అది జెట్టుగా లేచినప్పుడు నేను చూశానండీ."

"మంచిది. జెట్టు వల్ల ప్రజలకు ఎట్టి ప్రమాదమూ లేదని మీ విభాగం కరపత్రంలోనే ఉంది. నేనే ఆవిష్కరించాను."

"ఇప్పుడది జెట్టు కాదండీ, సీఎంఈ అయిపోయింది!"

"అయిపోయింది అని మీరూ నేనూ అనుకుంటే సరిపోదమ్మా. అయినట్టు ఉత్తర్వు ఉండాలి." ఆయన స్వరం మెత్తబడింది. చెడ్డమనిషి కాదు. "మీ ఆదుర్దా నాకు అర్థమైంది. విషయము యొక్క తీవ్రత దృష్ట్యా, అత్యవసర ప్రాతిపదికన రేపే పదోన్నతుల కమిటీని సమావేశపరుస్తాను. సంతోషమేనా?"

సంతోషమో కాదో తెలియక సుగుణ దండం పెట్టి వచ్చేసింది. ఆ రాత్రి ఆవిడకు నిద్ర పట్టలేదు. కమిటీ వాళ్లందరికీ పట్టింది.

బుధవారం కమిటీ కూచుంది. ఒక పక్క దక్షిణామూర్తి గారు, నీలాంబరం గారు, పరమేశం గారు. ఎదురుగా సుగుణ. మధ్యలో జీడిపప్పు.

"మొట్టమొదట సీనియారిటీ" అన్నారు నీలాంబరం గారు. "ఈ ఏడాది ఇంతకుముందు వేలకొద్దీ జెట్లు లేచాయి. వాటన్నిటినీ పక్కనపెట్టి నిన్న పుట్టినదానికి ప్రమోషన్ ఇస్తే అవి ఊరుకుంటాయా?"

"కోర్టుకెళ్తాయి" అన్నారు పరమేశం గారు.

"అవన్నీ ఎప్పుడో చచ్చిపోయాయండీ!" అంది సుగుణ.

"అలాగైతే కారుణ్య నియామకాల సమస్య వస్తుంది. లేచిన చోటు నుంచే మళ్లీ మళ్లీ జెట్లు లేస్తుంటాయని మీరే మొన్న రాశారు. అవి వారసులే కదా?"

దక్షిణామూర్తి గారు మెచ్చుకోలుగా తలాడించి, ఈ అంశాన్ని ప్రత్యేకంగా పరిశీలించవలెనని రాయించారు.

"రెండోది, అభ్యర్థి సమ్మతి" అన్నారు పరమేశం గారు. "దూరప్రాంతం పోస్టింగనో, పిల్లల చదువులనో పదోన్నతి వదులుకునేవాళ్లున్నారు. జెట్టుకు ఇష్టమో కాదో మనకు తెలియాలి. వ్యక్తిగతంగా హాజరు కమ్మని నోటీసు ఇద్దామండి."

"నోటీసు ఎక్కడికి పంపుతారండీ? అది ఇప్పటికే సగం దూరం వచ్చేసింది."

పరమేశం గారు పెన్ను కింద పెట్టారు. "ఎవరి ఉత్తర్వు మీద వచ్చింది?"

నీలాంబరం గారు జీడిపప్పు నమలడం ఆపారు.

"రిలీవింగ్ ఆర్డరు లేకుండా హెడ్‌క్వార్టర్స్ విడిచిపెట్టిందన్నమాట" అన్నారాయన మెల్లగా. "ఇది అనధికార గైర్హాజరు. దీనికి పదోన్నతి ఇవ్వాలా, దీనిమీద క్రమశిక్షణా చర్య తీసుకోవాలా అన్నది ముందు తేల్చుకోవాలి."

సుగుణకు ఏడుపొక్కటే తక్కువ. ఇరవయ్యేళ్లుగా ఆ ఆఫీసు ఉప్పు తింటోంది కాబట్టి, ఆ ఇరవయ్యేళ్లలో విన్న మాటలన్నీ పోగుచేసుకుని, ఒక్క మార్గం పట్టుకుంది. "పోనీ పూర్తి అదనపు బాధ్యతలు అప్పగించండి సార్. పేరుకు జెట్టుగానే ఉంటుంది, సీఎంఈ పని చూస్తుంది. జీతంలో తేడా అడగదు. హెచ్చరిక మాత్రం జారీ చేసుకోవచ్చు."

ముగ్గురి మొహాలూ వెలిగాయి. నీలాంబరం గారు కూడా జీడిపప్పు ప్లేటు ఆవిడవైపు జరిపారు. "ఇన్నాళ్లకు మీరు శాస్త్రీయంగా మాట్లాడారమ్మా" అన్నారు దక్షిణామూర్తి గారు. అదనపు బాధ్యతలకు సూత్రప్రాయంగా అంగీకారం కుదిరింది. నిబంధనల ప్రకారం పదిహేను రోజులు అభ్యంతరాలు ఆహ్వానించి, ఎవరికీ అభ్యంతరం లేకపోతే ఉత్తర్వు ఇవ్వాలని తీర్మానించారు.

"పదిహేను రోజులా! రేపు సాయంత్రం ఆ డ్రోన్లు పిల్లల నెత్తిమీద పడితే ఎవరండీ జవాబు చెప్పేది?"

"పిల్లలు ఏ శాఖ?" అని అడిగారు దక్షిణామూర్తి గారు.

"సంక్షేమ శాఖండి" అన్నారు పరమేశం గారు.

"మరి మన పరిధి కాదు కదమ్మా" అన్నారు ఆయన, ఎంతో ఊరట కలిగినట్టు.

సుగుణ బయటికొచ్చి మెట్ల మీద కూలబడింది. ఇలాంటి మనుషులకు ఇంతకాలం అయ్యా సారూ అని నమస్కారాలు పెట్టినందుకు తన మీద తనకే అసహ్యమేసింది. సదాశివం వచ్చి రెండు మెట్ల అవతల, ఏ విభాగం పరిధిలోకీ రాని చోటు చూసుకుని కూచున్నాడు.

"నాను రాసీస్తానమ్మా హెచ్చరిక. పోతే ఉద్యోగం పోతాది, అంతే కదా."

"మీరు రాసినా సంతకం నీలాంబరం గారిదే కదండీ. ఆయన చెయ్యరు."

"మరేటి చేద్దాం?"

సుగుణ లేచి మళ్లీ తెర దగ్గరికి వెళ్లింది.

గురువారం మధ్యాహ్నం దాటి పొద్దు వాలుతుండగా సంస్థ పెరట్లో ఉన్న అయస్కాంత మాపకం ముల్లు ఒక్క ఉదుటున ఎగిరి, ఆ తరవాత జ్వరమొచ్చినట్టు వణకడం మొదలుపెట్టింది. వచ్చినది వచ్చేసింది. సుగుణ మైదానంలోకి పరిగెత్తింది. సాయంత్రమవుతోంది. షామియానాలు, మైకులు, వేదిక మీద సింహాసనాల్లాంటి కుర్చీలు. ముందు వరసల్లో పిల్లలు కాగితం సూర్యుళ్లను మొహాలకు అడ్డం పెట్టుకుని ఒకళ్లనొకళ్లు భయపెట్టుకుంటున్నారు. డ్రోన్ల కుర్రాడు తెర ముందు కూచుని ఉన్నాడు.

"బాబూ, ఇవాళ వీటిని ఎగరెయ్యకు. ఉపగ్రహాల లెక్క తప్పుతుంది."

"ఇప్పటికైతే అన్నీ పచ్చగానే చూపిస్తున్నాయి మేడం. అయినా ఆపమంటే ఆపేస్తాను, నాదేం పోయింది. డైరెక్టరు గారి చేత ఒక్క ముక్క రాయించి ఇవ్వండి చాలు."

డైరెక్టరు గారు వేదిక మీద విశిష్ట అతిథి గారికి శాలువా కప్పుతున్నారు. సుగుణ కింద నుంచి చేతులూపింది. ఆయన అభినందన అనుకుని చిరునవ్వుతో తల పంకించారు.

ఇక సుగుణ పిల్లల పక్కన నిలబడ్డ హాస్టలు వార్డెను గవరయ్య దగ్గరికి వెళ్లింది.

"వార్డెను గారూ, పిల్లల్ని ఇక్కడి నుంచి లేపి భవనం వెనక్కి తీసుకెళ్లండి. ఇప్పుడే."

"ఎల్లా లేపుతానమ్మా? కదిలితే తోలు తీసెత్తామని సూపరింటెండెంటు బాబు సెప్పినారు. ఆర్డరుందేటి?"

"ఆర్డరు లేదు" అంది సుగుణ. తరవాత గొంతెత్తి పిల్లలందరికీ వినబడేలా అంది. "పులిహోర ఉంది!"

పులిహోర నిజంగానే ఉంది. సభ అయ్యాక పంచడానికి భవనం వెనక పెద్ద డేగిసాల్లో పెట్టారు. మధ్యాహ్నం నుంచి ఎండలో కూచున్న పిల్లలు ఇంకో మాట అననివ్వలేదు. కాగితం సూర్యుళ్లను గాలికొదిలేసి ఒక్క అరుపు అరిచి పరిగెత్తారు. వెనకాల గవరయ్య, గవరయ్య వెనకాల "కార్యక్రమంలో అంశం నంబరు పదకొండు అది! ఇంకా నాలుగో అంశమే అయింది!" అని కేకలు పెడుతూ పరమేశం గారు. డేగిసా దగ్గర సదాశివం చొక్కా చేతులు పైకి మడిచి గరిటె పట్టుకుని అప్పటికే సిద్ధంగా ఉన్నాడు. సుగుణ ముందుగా చెప్పి ఉంచలేదు. అదే ఉపాయం తట్టి ఆయనకు ఆయనే వచ్చాడు.

వేదిక మీద దక్షిణామూర్తి గారు ఖాళీ అయిన వరసలు చూసి మొహం నల్లగా పెట్టారు. కానీ అప్పటికే మైకులో సంగీతం మొదలైంది. డ్రోన్లు లేచాయి.

మొదట చక్కగానే లేచాయి. బింబంలా నిలబడ్డాయి. జనం చప్పట్లు కొట్టారు. విశిష్ట అతిథి గారు పూలు పట్టుకోడానికి వీలుగా మొహం పైకెత్తారు. అప్పుడొక డ్రోను ఎవరో పిలిచినట్టు పక్కకు జరిగింది. దాన్ని చూసి ఇంకొకటి. క్షణంలో దేని దారి దానిదైంది. ఒకటి చామంతులన్నీ జనరేటరు మీద కుమ్మరించింది. ఒకటి చిన్న విభాగం కుళాయికి అభిషేకం చేసింది. ఒకటి గోడ మీద పడుకున్న పిల్లిని పూలతో కప్పింది. అతిథి గారికి మాత్రం ఒక్క రేకు దక్కలేదు. కుర్రాడు తెర మీద వేళ్లు కొట్టుకుంటూ "మేడం! మేడం!" అని అరుస్తున్నాడు. ఆ తరవాత అవి ఒకదాని వెనక ఒకటిగా కిందికొచ్చాయి. పొట్టి కుర్చీల వరసల మీద ధన్‌మని పడ్డాయి. ప్లాస్టిక్ పగిలిన చప్పుడు మైకులోంచి కొండంతా వినిపించింది.

సంగీతం ఎవరో ఆపేశారు. ఆ నిశ్శబ్దంలో భవనం వెనక నుంచి పిల్లల గొంతులు వినిపించాయి. "ఇంకొంచెం ఎయ్యండి మాస్టారూ! నాకు పల్లీలు రాలేదు!"

సుగుణ ఉన్నచోటే కింద కూచుండిపోయింది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆవిడకే తెలియలేదు. ఆ గొంతులు అలా వినిపిస్తూ ఉంటే చాలనిపించింది.

విచారణ జరిగింది. జరగకుండా ఎలా ఉంటుంది? డ్రోన్లు నిర్ణీత సమయానికి ముందుగా దిగినవని తేల్చారు. సూర్యుడి ప్రస్తావన రాలేదు. సుగుణకు మాత్రం మెమో వచ్చింది. ఇతర శాఖకు చెందిన పిల్లలను అనుమతి లేక కదిలించుట, అంశం పదకొండును అంశం ఐదుకు ముందు అమలుపరచుట, అవతలి విభాగపు విస్ఫోటమును గోడ మీదుగా వాకబు చేయుట అని మూడు అభియోగాలు. సదాశివానికి అనధికారికంగా గరిటె పట్టినందుకు మందలింపు. పులిహోర మిగల్లేదని అతిథి గారి డ్రైవరు విడిగా ఒక ఫిర్యాదు ఇచ్చాడు.

అయితే కమిటీ మాట తప్పలేదు. పదిహేను రోజులూ గడిచాయి. వేల జెట్లలో ఒక్కటీ అభ్యంతరం తెలపలేదు. పైగా అయస్కాంత మాపకం ముల్లు వణికిన వణుకు కాదనడానికి నీలాంబరం గారి వల్ల కూడా కాలేదు. అదనపు బాధ్యతలు ఎందుకు, పూర్తి పదోన్నతే ఇచ్చేద్దామని పెద్దమనసు చేసుకున్నారు. జెట్టును మంగళవారం ఉదయం నుంచి వర్తించేలా సీఎంఈగా నియమిస్తూ ఉత్తర్వు వెలువడింది. పరమేశం గారు ఆ కాగితం తెచ్చి సుగుణ ముందు పెట్టారు.

"దీన్ని సదరు వ్యక్తికి అందజేసి, ముట్టినట్టు సంతకం తీసుకురావాలి. మీ విభాగం అభ్యర్థి కాబట్టి బాధ్యత మీది."

"అది మనల్ని దాటిపోయి రెండు వారాలైందండీ. ఈపాటికి అంగారకుణ్ణి కూడా దాటేసి ఉంటుంది."

"వ్యక్తి దొరకని పక్షంలో, చివరగా కనిపించిన చోట సాక్షుల సమక్షంలో అతికించాలి. నిబంధన చాలా స్పష్టంగా ఉంది."

సుగుణ ఆ కాగితం అందుకుంది. కోపం రావడం కూడా మానేసింది. మైదాపిండి జిగురు కలుపుకుని, గిన్నె పట్టుకుని మైదానానికి నడిచింది. విచారణ ఫైలు మూసేదాకా తీయకూడదని పొట్టి కుర్చీలను పడ్డవి పడ్డట్టే ఉంచారు. ముందు వరస మధ్యలో ఉన్న ఒక కుర్చీ దగ్గర ఆగింది. దాని వెనకాల ఆనుకునే చోట ఉత్తర్వు అతికించి అరచేత్తో నిమిరింది.

కాసేపటికి దక్షిణామూర్తి గారు సాక్షిగా వచ్చారు. వెనకాలే ఫైలు పట్టుకుని పరమేశం గారు.

"అతికించారా అమ్మా?"

"అతికించానండీ."

"మరి సంతకం?"

సుగుణ కుర్చీని ఎత్తి ఆయన వైపు తిప్పింది. కూచునే చోట ఈ చివర నుంచి ఆ చివరకు చీలిపోయి ఉంది. మధ్యలో పడిన కంతలోంచి కింద గడ్డి కనిపిస్తోంది.

"ఇదిగోండి. ఇదే దాని సంతకం."

దక్షిణామూర్తి గారు ఆ కంత వైపు చూశారు. ఆ కుర్చీ ఆయన మోకాలి ఎత్తు కూడా లేదు.

"కింద తేదీ వెయ్యలేదు" అన్నారు వెనక నుంచి పరమేశం గారు.